మస్తానుకి, ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి

ఒరేయ్ మస్తానూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. ఇన్నాళ్లూ నీ మెసేజ్‌లకి బొటనవేలు బొమ్మలు పెట్టి సరిపెట్టేశాను, ఏమనుకోకురా. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు, కూర్చుని రాయాల్సిందే అనుకుంటూ ఇంత ఆలస్యం చేశాను.

మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తా. ఒంట్లో బాగుంది. గది మారాను. వాన ఆగదు. బ్యాంకు లోన్ కాగితాలు అందాయని నాన్న చెప్పారు. శని, ఆదివారాలు సూపర్ మార్కెట్‌లో పని. పప్పుచారు బాగానే కుదురుతోంది. అంతే. ఇక అసలు సంగతి.

మీ నాన్న మాంసం కొట్లో చింతమొద్దు గురించి నేను క్లాసులో మాట్లాడానురా! ఇక్కడ, ఇంగ్లిష్ సాహిత్య చరిత్ర క్లాసులో!

ఆగు, మొదటినుంచి చెప్తాను. డిగ్రీలో మనకి సాహిత్య చరిత్ర అంటే ఏంటి? గైడు. చాసర్ యుగం, ఎలిజబెత్ యుగం, రొమాంటిక్ యుగం, ఒక్కోదానికీ పది పాయింట్లు. చాసర్‌కి ముందు ఏమీ లేనట్టే చదివాం. ఆ కవి చనిపోయింది 1400లో. ఇక్కడ అంతకు ఆరేడు వందల ఏళ్ల ముందునుంచి మొదలుపెడతారు. ఆ పాత ఇంగ్లిష్ చూస్తే ఇది ఏ దేశపు భాషో అనిపిస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకీ అది రాదు. అందరం పక్కపక్కన కూర్చుని నిఘంటువు తిరగేస్తున్నాం. యాస టెన్షన్ లేకుండా నేను నోరు తెరిచిన మొదటి క్లాసు అదే.

ఆ కాలపు కవిత్వంలో మనదాకా వచ్చినదంతా దాదాపు నాలుగే నాలుగు రాతపుస్తకాల్లో ఉంది. అందులో ఒకటి ఇటలీలో తేలింది, వెర్చెల్లి అనే ఊళ్లో. ఇంకోటి ఎక్సెటర్ పుస్తకం. పదో శతాబ్దం చివర్లో రాశారు. లియోఫ్రిక్ అనే బిషప్ దాన్ని ఎక్సెటర్ ఊళ్లోని కెథీడ్రల్‌కి, అంటే పెద్ద చర్చికి, ఇచ్చాడు. ఆయన పోయింది 1072లో. అప్పటినుంచి ఆ పుస్తకం ఆ కెథీడ్రల్‌దే. ఇప్పటికీ అక్కడే ఉంది!

దాన్నిండా ఏమున్నాయో చెప్పనా? దేవుడి పద్యాలు, విషాద గీతాలు, వాటితోపాటు తొంభైకి పైగా పొడుపు కథలు! అవునురా, మా అమ్మమ్మ అరుగు మీద కూర్చోబెట్టి "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అనేది చూడు, అలాంటివే. వస్తువే నోరు విప్పి తన కష్టం చెప్పుకుంటుంది. చివర్లో చాలాసార్లు "నా పేరేంటో చెప్పు" అంటుంది. జవాబులు మాత్రం పుస్తకంలో లేవు. అందుకే కొన్నింటి మీద పండితులు ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఉల్లిపాయ మీద ఒకటుంది, అది ఇక్కడ రాయను, ఫోన్ చేసినప్పుడు చెప్తా, పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

ఇక ఐదో పొడుపు కథ. క్లాసులో అందరికీ ఇచ్చి జవాబు చెప్పమన్నారు. నాకు చేతనైనట్టు చెప్తాను విను. "నేను ఒంటరిదాన్ని. ఇనుము కొట్టిన గాయాలు, కత్తి చేసిన గాట్లు. పోరాటాలతో అలిసిపోయాను. నాకు సాయం వస్తుందన్న ఆశ లేదు. ఆకులతో వేళ్లతో నా గాయాలు మాన్పే వైద్యుడు దొరకలేదు. పగలూ రాత్రీ దెబ్బలే."

అందరూ "డాలు" అన్నారు. ఎప్పటినుంచో చెప్పుకునే జవాబు అదే. కానీ నాకు చదువుతుండగానే ఆదివారం పొద్దున మీ కొట్టు కళ్లముందు కనబడిపోయింది. నడిమధ్యన గుంటపడ్డ ఆ మొద్దు, దాని మీద నాన్నగారి కత్తిగాట్లు. చెయ్యి ఎత్తి, ఇది మాంసం కొట్టే మొద్దు అన్నాను. యుద్ధం పగలూ రాత్రీ నడవదు, వంటింట్లో, కొట్లో మాత్రం నడుస్తుంది అన్నాను. ఆకులూ వేళ్లూ దాని మీదే కదా తరిగేది, మరి వాటితో దాని గాయం ఎలా మానుతుంది అన్నాను. ఇంకా ఏవో, ఇప్పుడు గుర్తు రావట్లేదు, గుండె దడదడలాడుతోందిలే.

ప్రొఫెసర్ గారి మొహం వెలిగిపోయింది. తరిగే పీట అన్న జవాబు కూడా పండితుల్లో ఉందిట. వినేవాడు యోధుణ్ణి ఊహించుకుంటుంటే వంటింటి చెక్క ఎదురవ్వాలని కవి ఆట ఆడి ఉండొచ్చు అన్నారు. తర్వాత తెర మీద ఒక ఫోటో వేశారు. ఎక్సెటర్ పుస్తకం ముందు పేజీలు. వాటి మీద కత్తిగాట్లు! గుండ్రంగా ఏదో గిన్నె పెట్టిన మరక! చివరి పేజీల్లో నిప్పు కాల్చిన చిల్లి! ఎప్పుడో ఎవరో ఆ పుస్తకాన్నే పీటలా వాడుకున్నారని అంటారు. అంటే ఆ ఐదో పద్యం చెప్పుకున్న బాధే దాన్ని మోసే పుస్తకానికీ వచ్చిందన్నమాట. నాకు ఒళ్లు జలదరించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా.

ఇరవై ఆరోదైతే పుస్తకమే మాట్లాడుతుంది. శత్రువు నా ప్రాణం తీశాడు, నీళ్లలో నానబెట్టాడు, ఎండలో పెట్టాడు, వెంట్రుకలన్నీ పోయాయి, కత్తితో గీకాడు, పక్షి ఈక నా మీద చుక్కలు చల్లుతూ నడిచింది అని. తోలు మీద రాసిన పుస్తకం కదా! మీ కొట్టు వెనక తోళ్లు ఆరేస్తుంటే మనం ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్లం. నాన్నగారికి ఇది చదివి వినిపించు. తప్పకుండా. ఇన్నేళ్ల ఇంగ్లిష్ చదువులో మన వీధిలో నేర్చుకున్నది పనికొచ్చిన మొదటి రోజు ఇదేరా. ఇన్నాళ్లూ ఆ వీధిని గడప బయట వదిలేసే క్లాసులోకి వెళ్లాలనుకున్నాను. ఎవరు చెప్పారో మనకి ఆ మాట... సరే.

ఒక్కోసారి దిగులేస్తుంది. మిగిలింది ఇంతే కదా. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లిష్ కావ్యం 3182 పాదాలు, ఉన్నది ఒక్కటే ప్రతి. 1731 అక్టోబర్‌లో లండన్‌లో దాన్ని ఉంచిన ఇల్లు తగలబడింది. ఎలాగో బయటపడింది కానీ అంచులు కాలి, తర్వాత ముట్టుకుంటే రాలిపోయాయి. 1787లో థోర్కెలిన్ అనే ఐస్‌లాండ్ ఆయన వచ్చి ఎత్తి రాయించుకోబట్టి, తర్వాత రాలిపోయిన చాలా అక్షరాలు మనకి దక్కాయి. 1807లో ఇంగ్లిష్ వాళ్లే డెన్మార్క్‌లో ఆయన ఉండే కోపెన్‌హాగెన్ మీద గుండ్లు కురిపిస్తే ఆయన ఇల్లూ, అచ్చు కోసం చేసిన పనీ కాలిపోయాయి. ఆ నకళ్లు మాత్రం మిగిలాయి. ఆయన మళ్లీ మొదలుపెట్టి 1815లో అచ్చు వేయించాడు. మళ్లీ మొదలుపెట్టాడురా! ఇవేవీ మన గైడులో లేవు. కాలిపోయిన పుస్తకాల్లో ఇంకెన్ని పొడుపు కథలు...

డబ్బులు కూడబెట్టి ఎక్సెటర్ వెళ్లాలి. ఇక్కడినుంచి దూరమే, రైలు టికెట్టు ఖరీదే, అయినా వెళ్తాను. నువ్వు వీసా సంగతి తేల్చితే ఇద్దరం వెళ్దాం.

మీ అక్క పిల్లలకి ఒకటి పంపుతున్నా, ఆ పుస్తకంలోదే, ఒక్కటే పాదం. "దారిలో వింత జరిగింది, నీళ్లు ఎముకయ్యాయి." నువ్వు చెప్పెయ్యకు, వాళ్లనే చెప్పనీ. చిన్నది ముందు చెప్తుందని నా పందెం. ఇక సత్తిగాడి పెళ్లి గురించి నువ్వు అడిగావు కదా, దానికి... అయ్యో, షిఫ్ట్ టైమైపోయింది, బస్సు వచ్చేస్తుంది. పెళ్లి సంగతి రేపు వాయిస్ పెడతా. నాన్నగారికి నమస్కారాలు.

నీ
చిన్నా