గాజులు పంపుతున్నా

బంగారు తల్లీ,

నిన్న ఫోన్లో విసుక్కున్నావు, పన్నెండేళ్లకే చచ్చిపోయిన పిల్ల పేరు నాకెందుకు పెట్టారమ్మా అని. ఫోన్లో చెప్తే సగమే వింటావు. అందుకే రాస్తున్నా.

పేరు పెట్టింది మీ నానమ్మ. నువ్వు పుట్టింది జనవరి 21న, పునీత ఆగ్నెసమ్మ పండుగ రోజు. ఇక వేరే పేరు ఎత్తనిస్తుందా ఆవిడ!

ఆగ్నెసమ్మది రోము నగరం. డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల వెంటపడ్డ రోజుల్లో, క్రీ.శ. 304 ప్రాంతంలో వేదసాక్షి అయిందంటారు, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిందని. రోమువాళ్ల చట్టం ప్రకారం పన్నెండేళ్లకే ఆడపిల్లకి పెళ్లి చేసెయ్యొచ్చు. పెద్దింటి సంబంధం వస్తే, నేను క్రీస్తుకు మాటిచ్చాను, చేసుకోనందట. ప్రసంగాల్లో ఆమె కన్యత్వాన్నే పొగుడుతారు. ఆ వయసులో అంతటివాళ్ల ముందు నోరు తెరిచి వద్దందే, ఆ సంగతి ఒక్క ఫాదరూ చెప్పగా నేను వినలేదు.

కత్తితో చంపారని మిలాను బిషపు అంబ్రోసుగారు రాశారు. దమాసు పోపుగారు ఆమె సమాధికి చెక్కించిన రాతిపలకలో మంటల మాట ఉంది. ఏదైతేనేం.

377లో అంబ్రోసుగారు రాసిన ఒక ముక్క మాత్రం నన్ను వదల్లేదు. ఆ ఈడు ఆడపిల్లలు అమ్మానాన్న కోపంగా చూస్తేనే ఓర్చుకోలేరట, సూది గుచ్చుకుంటే గాయమైనట్టు ఏడుస్తారట. టెటనస్ ఇంజెక్షనుకి వీధంతా వినపడేలా ఏడ్చావు, గుర్తుందా? ఇంకా రాశారు, ఆమె సన్నటి చేతులకి సరిపడే సంకెళ్లే లేవని. అది చదవగానే క్రిస్మసుకి కొన్న నీ ఎర్ర గాజులే కళ్లముందుకొచ్చాయి. చెయ్యి దించితే జారిపోయేవి. గుడి మెట్ల మీద ఒకటి పగిలింది కూడా.

చనిపోయిన ఎనిమిదోనాడు, సమాధి దగ్గర రాత్రి మేలుకుని కూర్చున్న అమ్మానాన్నలకి గొర్రెపిల్లతో కనిపించిందని కథ. నమ్ముతావా అని అడక్కు. ఆ తల్లి అక్కడ కూర్చుందంటే మాత్రం నమ్ముతాను.

రోములో నోమెంతానా రోడ్డు మీద ఆ సమాధిపైనే గుడి ఉంది. ఏటా ఆమె పండుగనాడు రెండు గొర్రెపిల్లల్ని దీవిస్తారు. ఆ ఉన్నితో నేసే తెల్లపట్టీయే అగ్రపీఠాధిపతుల, అంటే ఆర్చిబిషపుల మెడలో ఉండేది. మన హైదరాబాదు, విశాఖ పీఠాలకీ అదే వస్తుంది. ఈసారి ఫొటోలో చూడు.

21న నీ పేరున పూజ చెప్పించాను. పార్సిల్లో సున్నుండలు, డజను గాజులు పెట్టా. రెండు-రెండు సైజు. వదులైతే చెప్పు, మారుస్తానన్నాడు గాజులకొట్టతను.

మీ అమ్మ