పాత పెద్దకారును ఇంట్లోనే బాగుచేసుకోనివ్వండి

సంపాదకుడు గారికి,

పాత లగ్జరీ కార్లు కొని జనం అప్పులపాలవుతున్నారని, పదిహేనేళ్లు దాటిన బండి ఏదైనా తుక్కు కిందే లెక్క అని మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వార్త చదివాను. మొదటి ముక్కలో కొంత నిజముంది. రెండోది మాత్రం సరిగా లేదు. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అన్న లెక్క ఢిల్లీకి, దాని చుట్టుపక్కల ప్రాంతాలకు కోర్టు ఆదేశాలతో వచ్చింది. మన తెలంగాణలో పదిహేనేళ్లు నిండిన సొంత కారును ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్లి చూపించి, కండిషన్ బాగుంటే ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఇంకో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. ఆ వార్త చదివి మా వీధిలో ఒకాయన నిక్షేపంలా ఉన్న బండిని అగ్గువకు అమ్మేయబోయాడు, అందుకే ఈ ఉత్తరం.

నేను కాజీపేటలో డీజిల్ రైలింజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నా. నా దగ్గర 2008 మోడల్ జర్మన్ సెడాన్ ఒకటి ఉంది, కంపెనీ పేరు ఎందుకులెండి. కొత్తలో అది ఎవరో పెద్ద కాంట్రాక్టర్ ఎక్కిన బండి, నా చేతికి వచ్చేసరికి కొత్త చిన్న కారు ధరలో సగం కూడా పలకలేదు. చిక్కంతా ఇక్కడే ఉంది. బండి ధర ఏటేటా పడిపోతుంది గానీ దాని సామాన్ల ధర పడిపోదు, అది ఇప్పటికీ యాభై లక్షల బండి సామానే. ఈ సంగతి తెలియక కొన్నవాళ్లు మొదటి పెద్ద బిల్లు చూసి బండిని కవర్ కప్పి పక్కన పెట్టేస్తారు, పక్కన పెట్టిన బండి తిరిగే బండి కంటే తొందరగా పాడవుతుంది. షోరూం బిల్లులో సామాను ధర ఒక ఎత్తు, విప్పి బిగించినందుకు వేసే లేబర్ ఇంకో ఎత్తు. ఆ రెండోదాన్ని చాలావరకు మనం తగ్గించుకోవచ్చు.

షెడ్డులో రైలింజన్ ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు వెళ్లేది. అందులో ఇనుము ఎంత కలిసింది, రాగి ఎంత, సీసం ఎంత అని చూసి, ఇంజిన్ విప్పకుండానే లోపల ఏది అరుగుతోందో అంచనా కట్టేవాళ్లు. అలా ముందే కనిపెట్టే అలవాటు ఉన్నవాడికి పాత కారు పెద్ద టెన్షన్ పెట్టదు. ఎందుకంటే ఈ బండ్లలో ఇంజిన్ ఇనుము ఊరికే పోదు, పోయేది రబ్బరు, ప్లాస్టిక్. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలంట్, పోయే పైపులు, కూలంట్ డబ్బా, థర్మోస్టాట్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ హౌసింగ్, వాల్వ్ కవర్ గ్యాస్కెట్, సస్పెన్షన్ బుష్‌లు, ఇంజిన్ మౌంటింగులు, ఇవన్నీ వయసుతో పాటు పెళుసెక్కిపోతాయి. మన రామగుండం, వరంగల్ ఎండల్లో, మేలో 45 డిగ్రీలు కొట్టే చోట, ఇంకా త్వరగా. ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ డబ్బా నడిరోడ్డు మీద పగిలి కూలంట్ అంతా పోయి, డ్రైవర్ అది గమనించక ఇంకో పది కిలోమీటర్లు లాగితే అప్పుడు ఇంజిన్ హెడ్ వంగుతుంది, అప్పుడు లక్షలు. ఆ డబ్బాను ముందే మార్చుకోవడం ఒక పూట పని. బోరు నీళ్లు మాత్రం పోయొద్దు, మన బోరు నీళ్లలో ఉన్న ఉప్పు రేడియేటర్ సన్న గొట్టాల్లో గార కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, బండి పుస్తకంలో చెప్పిన రకం కూలంట్ సగం సగం కలుపుకోవాలి. ఆ రకాన్ని రంగు చూసి ఎంచుకుంటే కుదరదు, ఒకే రంగులో వేరువేరు రసాయనాలు అమ్ముతారు, రెండు రకాలు కలిస్తే లోపల బురదలా మారే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే ఖర్చు పెట్టించేది వాన నీళ్లు. ఇది చాలామందికి తెలియదు. సన్‌రూఫ్ ఉన్న బండిలో అద్దం చుట్టూ ఒక కాలువ ఉంటుంది, దాని మూలల నుంచి సన్న పైపులు స్తంభాల లోపలి నుంచి కిందికి దిగుతాయి, పైన పడ్డ నీళ్లు వాటిలోంచి బయటికి పోవాలి. అలాగే వైపర్ల కింద బానెట్ అంచున ఇంకో తొట్టి ఉంటుంది, దానికీ కింద రంధ్రాలుంటాయి. వేపచెట్టు నీడ అని బండి పెడతాం, ఆ ఆకు, పూత, పుల్లలు అన్నీ వెళ్లి ఆ రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. ఇక శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పడితే నీళ్లు లోపలికి మళ్లి కార్పెట్ కిందికి చేరతాయి. మామూలు బండిలో అయితే వాసన వస్తుంది, ఎండబెట్టుకుంటాం. ఈ పెద్దకార్లలో చాలావాటికి కంప్యూటర్ డబ్బాలు, వైరింగ్ జాయింట్లు సీటు కిందో, కాళ్ల దగ్గర కార్పెట్ కిందో, వెనక డిక్కీలో స్టెప్నీ గుంతలోనో పెట్టారు. అవి తడిస్తే ఒకరోజు అద్దం దిగదు, ఇంకోరోజు తాళం పడదు, మూడో రోజు బండే స్టార్ట్ కాదు. మెకానిక్ బ్యాటరీ మారుస్తాడు, ఆల్టర్నేటర్ మారుస్తాడు, జబ్బు మాత్రం కార్పెట్ కింద హాయిగా నానుతూ ఉంటుంది. మృగశిర కార్తె రాకముందే సన్‌రూఫ్ తెరిచి, ఒక్కో మూలలో గ్లాసుడు నీళ్లు మెల్లగా పోసి, బండి కింద ఎక్కడ కారుతున్నాయో వంగి చూడండి. కారకపోతే గడ్డి కోసే మెషిన్‌కు వాడే నైలాన్ తీగ తీసుకుని పైపులోకి నెమ్మదిగా పోనివ్వండి. పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే మాత్రం లోపల జాయింట్ దగ్గర పైపు ఊడిపోవచ్చు, అప్పుడు రూఫ్ లైనింగ్ అంతా దింపాలి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 2023 జూలై వరదల్లో వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఎన్ని బండ్లు మునిగాయో మీ పత్రికే ఫొటోలు వేసింది. మునిగిన బండి కడిగి పాలిష్ పెడితే కొత్తదానిలా మెరుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, దాని మడతల్లో బురద మరక దాగి ఉంటుంది, సీటు కింద బోల్టులకు తుప్పు ఉందేమో కూడా చూడండి. పెద్ద పేరు, తక్కువ ధర అని మురిసిపోయి కొనేముందు ఈ పని అరగంటలో అయిపోతుంది.

ఇంట్లో చేసుకోదగ్గవి ఇంకా చాలా ఉన్నాయి, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి, పెడల్ తొక్కడానికి ఇంకొకరు కావాలి, మా ఇంట్లో ఆ ఉద్యోగం మనవడిది. గేర్‌బాక్స్ ఆయిల్ దగ్గర మాత్రం ఒక అబద్ధం బాగా పాతుకుపోయింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ బండి జీవితాంతం మార్చక్కర్లేదని చాలామంది చెబుతారు. ఎన్నో పెద్ద కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్ మాత్రం తన గేర్‌బాక్సులకు 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటుంది. మరి జీవితాంతం అంటే ఎవరి జీవితం? వారంటీ జీవితం అయ్యుంటుంది. అయితే ఈ పని ఇంట్లో చేసుకొమ్మని అందరికీ చెప్పను, ఆయిల్ వేడి ఒక కొలతలో ఉన్నప్పుడే లెవెల్ చూడాలి, బండి నాలుగు వైపులా సమానంగా లేవాలి.

ముట్టుకోకూడనివీ చెప్పాలి. పసుపు రంగు కనెక్టర్లున్న ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి పోవద్దు. ఏసీ గ్యాస్ లైను విప్పొద్దు. కామన్ రైల్ డీజిల్ బండి నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు వదులు చేయొద్దు, అందులో ఒత్తిడి 1600 బార్ పైన కూడా ఉండొచ్చు, ఆ ధార చర్మంలోంచి లోపలికి దిగుతుంది. వేడి ఇంజిన్ మీద కూలంట్ మూత తిప్పొద్దు. ఇక జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరే మొనగాళ్లు మన ఊళ్లో ఎక్కువ, బలమైన జాకీ స్టాండ్లు రెండు కొనుక్కునే దాకా బండి కింద పని మొదలుపెట్టనే వద్దు.

ఇప్పుడు అసలు విషయం. ఈ పనులకు చేతికి నైపుణ్యం కొంత చాలు, ఆగిపోయేది సమాచారం దగ్గర. బండి కంప్యూటర్ పట్టిన లోపాన్ని చదివే స్కానర్ వెయ్యి, రెండు వేలకు దొరుకుతుంది, అది పెడితే ఒక కోడ్ వస్తుంది, ఉదాహరణకు పీ0171, అంటే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ పోతోందని. దాన్ని చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేసేవాళ్లు ఎందరో, కారణం చాలాసార్లు పగిలిన చిన్న రబ్బరు పైపు. ఒళ్లు వేడిగా ఉందని థర్మామీటర్ చెబుతుంది గానీ టైఫాయిడో మలేరియానో చెప్పదు కదా. ఆ తర్వాత ఏ క్రమంలో ఏం పరీక్షించాలి, ఏ బోల్టు ఎంత బిగించాలి, ఏ వైరు ఎక్కడికి పోతుంది అన్నది కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది, అది మనకు ఇవ్వరు. నా బండికి బ్యాటరీ మారిస్తే, కొత్త బ్యాటరీ వేశామని బండి కంప్యూటర్‌కు చెప్పాలి, చెప్పకపోతే అది పాతదానికి చార్జ్ చేసినట్టే చేస్తూ పోతుంది, కొత్త బ్యాటరీ తొందరగా పోతుంది. ఆ ఒక్క మాట చెప్పించడానికి హైదరాబాద్ దాకా 140 కిలోమీటర్లు పోవాలా? ములుగు రోడ్డు ఆటోనగర్‌లో చేతిపని వచ్చిన మెకానిక్‌లు ఎంతమంది లేరు, వాళ్ల దగ్గర లేనిది ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే.

ఇది నా ఒక్కడి గోల అనుకోకండి. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సరిగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది, విడిభాగాలు, పరీక్ష పరికరాలు, రిపేరు సమాచారం బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదని. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్, అంటే బాగుచేసుకునే హక్కు, పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలు కూడా ఉన్నాయి. యూరప్‌లో అయితే బయటి గ్యారేజీలకూ రిపేరు సమాచారం ఇచ్చి తీరాలని 2007లోనే నిబంధన పెట్టారు. అంటే ఇవే కంపెనీలు అక్కడ డబ్బు తీసుకుని ఇచ్చే సమాచారాన్ని ఇక్కడ కూడా ఇవ్వొచ్చు, ఉచితంగా అడగడం లేదు, గంటకో రోజుకో రేటు పెట్టి ఇమ్మనే అంటున్నాం. సమాచారం దాస్తే నకిలీ సామాన్లు పెరుగుతాయి కూడా. పార్టు నంబరు తెలిసినవాడు అదే పార్టును కంపెనీ ముద్ర లేకుండా, దాన్ని అసలు తయారుచేసిన బాష్, మాన్ లాంటి పేరుతో తక్కువకు తెచ్చుకుంటాడు. తెలియనివాడు డబ్బా మీద హోలోగ్రామ్ చూసి మోసపోతాడు.

మన రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టారు, సంతోషం. అక్కడ కొత్త ఎలక్ట్రిక్ బండ్లతో పాటు, ఇప్పటికే రోడ్డు మీదున్న బండ్ల వైరింగ్ డయాగ్రమ్ చదవడం, స్కానర్ డేటా అర్థం చేసుకోవడం ఆదివారాలు ఊరి మెకానిక్‌లకు, నాలాంటి ముసలాళ్లకు కూడా నేర్పితే బాగుంటుంది. ఫీజు కడతాం.

చివరగా మన కార్పొరేషన్‌కు ఒక విన్నపం. వాడేసిన ఇంజిన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది, దాన్ని నాలాలో పోస్తే అది ఏ చెరువుకు పోతుందో అందరికీ తెలుసు. నేను డబ్బాల్లో పట్టి దాచుకుంటున్నా. గ్యారేజీలో ఇద్దామంటే వాళ్లు ఎవరికి అమ్ముతున్నారో తెలియదు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో దాన్ని పద్ధతిగా తీసుకునే చోటు ఎక్కడుందో అధికారులను అడిగి, దయచేసి మీ జిల్లా పేజీలో చిరునామాతో సహా వేయండి, నా డబ్బాలు నిండిపోతున్నాయి.

— ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, హనుమకొండ