బీపీ బిళ్లలు ఇచ్చేటప్పుడు చిగుళ్ల సంగతి కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

కొన్ని రకాల మందులు వాడితే చిగుళ్లు పెరిగి పళ్ల మీదకు వస్తాయి. ఈ మాట బిళ్లలు రాసే చోట ఎవరూ చెప్పడం లేదు, నా బాధంతా అదే.

మా అత్తయ్య బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. ముందు పై పళ్ల సందుల్లో చిగురు జొన్నగింజంత ఉబ్బింది, తర్వాత పంటి మీదకి పాకింది, బ్రష్ తగిలితే చాలు రక్తం. వేడి చేసిందని ఒకరు, విటమిన్లు తక్కువయ్యాయని ఇంకొకరు చెప్పారు, మందుల షాపులో ఏదో జెల్ చేతిలో పెట్టారు. చివరికి కొత్తపేటలో ఒక పళ్ల డాక్టరమ్మ నోరు చూడగానే "ఏం బిళ్లలు వేసుకుంటున్నారమ్మా?" అని అడిగారు. అప్పటిదాకా ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు!

ఇదేమీ కొత్త విషయం కాదు. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్‌తో చిగుళ్లు పెరుగుతాయని డాక్టర్లు 1939లోనే రాశారు, ఆ మందు వాడేవాళ్లలో ఇంచుమించు సగం మందికి ఎంతో కొంత వస్తుంది. కిడ్నీ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్‌తోనూ, బీపీకి ఇచ్చే నిఫెడిపిన్‌తోనూ వస్తుంది. ఆమ్లోడిపిన్‌తో వచ్చేది కొద్దిమందికే, కానీ అది వాడని వీధి ఉందా? మందు వల్ల చిగురులో పీచులాంటి కండ పోగుపడుతుంది, పళ్ల మీద పాచి ఉంటే ఇంకా ముదురుతుంది.

ఇది చదివి మాత్రం ఎవరూ బిళ్లలు సొంతంగా ఆపేయొద్దు, దండం పెట్టి చెబుతున్నాను. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకు వస్తుంది. మందు మార్చాలా వద్దా అన్నది రాసిన డాక్టరే చూడాలి. అత్తయ్యకు బిళ్ల మార్చి, పళ్లు క్లీనింగ్ చేశాక కొన్ని నెలల్లో వాపు చాలావరకు దిగింది. కొందరికి అలా తగ్గదు, పెరిగిన చిగురు కోసి తీయాల్సి వస్తుంది, ముఖ్యంగా ఫిట్స్ మందు వాడే పిల్లలు నలుగురిలో నోరు తెరవడానికే సిగ్గుపడుతుంటారు.

మన పీహెచ్‌సీల్లో, గుంటూరు పెద్దాసుపత్రిలో ఈ బిళ్లలు ఇచ్చేటప్పుడు ఒక్కసారి నోరు తెరిపించి చూడటానికి అర నిమిషం చాలు. "చిగుళ్లు ఉబ్బితే వచ్చి చెప్పండి" అని ఓపీ చీటీ మీద తెలుగులో ఒక ముద్ర వేయించండి. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది కదా, అక్కడి విద్యార్థులను నెలకొకసారి బీపీ, ఫిట్స్ ఓపీలకు పంపే ఏర్పాటు జిల్లా వైద్యాధికారులు చేయాలి.

— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు