మా హెచ్.ఎం. మేడమ్ గారికి కృతజ్ఞతలు

విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి దగ్గరున్న హైస్కూలు హెచ్.ఎం. మేడమ్ గారికి బదిలీ అయింది. మా అమ్మాయి పదో తరగతి గట్టెక్కిందంటే ఆవిడ చలవే. ఆ సంగతి నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా ఇళ్ల మీద పడింది. సామాన్లతో పాటు పిల్ల పుస్తకాలూ పోయాయి. నీళ్లు తీశాక సోషల్ పుస్తకం దొరికింది గానీ, బురదకి అట్టకట్టుకుపోయి, పేజీ విడదీయబోతే చిరిగి చేతికొచ్చింది. ఆ తర్వాత నాలుగు చినుకులు పడితే చాలు, పిల్ల నిద్రలోంచి లేచి గుమ్మం దగ్గరికెళ్లి వీధిలో నీళ్లున్నాయేమో చూసొచ్చేది. బడి మాటెత్తితే పలికేది కాదు.

బడి తెరిచాక రాని పిల్లల కోసం మేడమ్ గారే సందు సందూ తిరిగారు. మా ఇంట్లో కుర్చీ కూడా మిగల్లేదు. గడప మీదే కూర్చుని, "పుస్తకాల సంగతి నేను చూసుకుంటాలే గానీ, రాత్రిళ్లు నిద్ర పడుతోందా తల్లీ?" అని అడిగారు. అది ఒక్క ఏడుపు ఏడ్చింది. ఆవిడ ఊరుకోమనలేదు, అది తేరుకునేదాకా పక్కనే కూర్చున్నారు. మర్నాడు పిల్ల తనంతట తనే బడికి బయల్దేరింది.

జాలిపడి వదిలేయడం కాదు ఆవిడ చేసింది. బడి పద్ధతే మార్చారు. యూనిఫాం లేదని, ఆలస్యమైందని ఎవర్నీ బయట నిలబెట్టొద్దన్నారు. సిలబస్ వెనకబడుతుందని టీచర్లు కంగారుపడ్డారట, అదీ న్యాయమే. వాళ్లలో కొందరి ఇళ్లు కూడా మునిగాయి. వాళ్లు ఇల్లు కడుక్కోవడానికి వీలిచ్చి, ఆ క్లాసులు మేడమ్ గారే తీసుకున్నారు. అందుకే తర్వాత ఆవిడ అడిగిన పనికి ఎవరూ అడ్డుచెప్పలేదని ఒక టీచరు గారే నాతో అన్నారు. పైనుంచి వచ్చిన ఆర్డరు చదివి వినిపించడం ఎవరైనా చేస్తారు. చెయ్యాల్సినవాళ్ల కష్టం ముందు కనుక్కునేవాళ్లు ఎంతమంది?

డిసెంబరులో పదో తరగతి పరీక్షల కోసం వంద రోజుల చదువు ప్రణాళిక మొదలయ్యేసరికి ఇళ్లలో మళ్లీ టెన్షన్. మేడమ్ గారు తల్లుల్నీ టీచర్లనీ ఒకచోట కూర్చోబెట్టి, సాయంత్రం క్లాసులు ఎన్నింటి దాకా ఉంటే ఆడపిల్లలు ఇబ్బంది లేకుండా ఇల్లు చేరతారో మమ్మల్నే అడిగారు. మేం చెప్పిన టైమే పెట్టారు. స్లిప్ టెస్టు మార్కులు అందరి ముందూ చదవడం మాన్పించి, ఎవరి తప్పులు వాళ్లకే విడిగా చెప్పించారు. లెక్కలంటే వణికే మా పిల్ల, రానిది రాలేదని నోరు తెరిచి అడగడం అప్పుడే మొదలుపెట్టింది.

మేడమ్, ఇప్పుడది ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంది. ఆ కష్టకాలంలో మీకు తోడు నిలిచిన టీచర్లకీ, వంటచేసే అక్కలకీ, ఆయమ్మకీ మా సందు తరఫున దండాలు. కొత్త ఊళ్లో చేరేలోపు ఒకపూట మా ఇంటికి భోజనానికి రావాలి. ఈసారి కుర్చీలున్నాయి.