11 ఫైళ్లకు 11 సార్లా?

అయ్యా,

మా రాయగడ జిల్లాలో 11 బ్లాకులు, అంటే నెలనెలా బ్లాకుకొకటి చొప్పున 11 లెక్కల ఫైళ్లు. నేను పనిచేసేచోట అదే కోడ్ కాపీ చేసి, ఫైలు పేరొక్కటి మార్చి నడిపేవాళ్లం. ఓసారి గుణుపురం పేరు మార్చడం మరిచి కాశీపూర్ లెక్కే రెండుసార్లు వేసేశాం, ఆ టెన్షన్ చెప్పలేను. ‘ఆర్’ (R) అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాషలో అయితే లిస్ట్ ఫైల్స్ (list.files) కమాండ్‌తో ఫోల్డర్‌లోని పేర్లన్నీ తీసుకుని, చేయాల్సిన పనిని ఒక్క ఫంక్షన్‌గా రాసి, దాన్ని ప్రతి ఫైలు మీదా నడిపే ఎల్-అప్లై (lapply)కి అప్పజెబితే ఫైళ్లు 11 అయినా 1,100 అయినా కోడ్ అంతే. కాకపోతే చివర్లో ఆర్-బైండ్ (rbind)తో అన్ని పట్టికలనూ ఒకదాని కింద ఒకటి కలిపేటప్పుడు కాలమ్ పేర్లలో తేడా ఉంటే ఒప్పుకోదు (మావాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో స్పెల్లింగ్ పంపుతారు!), ముందే సరిచూసుకోవాలి. పైగా ‘ఆర్’ ఉచితం. పర్లాకిమిడి, బరంపురంలో స్టాటిస్టిక్స్ చదివే మన పిల్లల కోసం మీ చదువుల పేజీలో దీని గురించి రాయండి.

– ఓ పాఠకుడు, రాయగడ