గేటు దాటాక ఆ పిల్లవాడికి ఎవరు? సంక్షేమ శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర సంక్షేమ శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

నేను సైన్యంలో సుబేదారుగా పదవీ విరమణ చేసి, ప్రస్తుతం సైనిక పద్ధతిలో నడిచే ఒక ఆవాస విద్యాలయంలో మెంటరుగా, అంటే పిల్లలకు తోడుండి దారిచూపే పెద్దగా, పనిచేస్తున్నాను. క్యాంపస్ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఈ లేఖ మా ప్రిన్సిపాల్ గారి మీద ఫిర్యాదులా మారుతుంది, తన చేతిలో లేని విషయాలకు ఆయన సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. నా విన్నపం ఒక్కటే. ఇలాంటి విద్యాలయాల్లో డ్రిల్ నేర్పే పనీ మెంటరు పనీ వేర్వేరని ప్రభుత్వం ఉత్తర్వుల్లోనే గుర్తించాలి. ఆ మెంటరు పని పిల్లవాడు గేటు దాటిన రోజుతో ముగిసిపోకుండా ఆ తర్వాత కనీసం ఏడాది పాటు సాగేలా ఏర్పాటు చేయాలి.

మన ప్రాంతానికి ఈ తరహా చదువు కొత్తేమీ కాదు. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాల 1962లోనే మొదలైంది, కలికిరిలో 2014లో మరొకటి వచ్చింది. తెలంగాణలో రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ శాఖ, అశోక్‌నగర్‌లో గిరిజన సంక్షేమ శాఖ సైనిక పాఠశాలలు పెట్టాయి. సాయుధ దళాల్లో చేరాలనుకునే అమ్మాయిల కోసం భువనగిరిలో డిగ్రీ కళాశాల నడుస్తోంది. సంక్షేమ శాఖలు ఈ రంగంలోకి రావడం చిన్న విషయం కాదు. ఇంట్లో ఒక్క ఉద్యోగి కూడా లేని కుటుంబం నుంచి, కూలి చేసుకునే తల్లిదండ్రుల ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు, సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) పేరు పలకడమే ఒక తరం కిందట ఊహకు అందేది కాదు. అయితే అటువంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి కావలసిన తోడు, పట్నంలో కోచింగు ఇప్పించుకొని వచ్చిన పిల్లవాడికి కావలసిన తోడు ఒకే రకంగా ఉండవు. మన నిబంధనలు మాత్రం ఆ తేడాను పట్టించుకోకుండా కేంద్ర సైనిక పాఠశాలల దినచర్యను తెచ్చి మనకు అతికించినట్టుగా ఉన్నాయి.

మా దగ్గర తెల్లవారుజామున విజిల్ మోగగానే దినచర్య మొదలవుతుంది. ఫాలిన్ (వరుసలో నిలబడటం), లెక్క, పీటీ, స్నానాలు, టిఫిను, తరగతులు, సాయంత్రం ఆటలు, రాత్రి ప్రెప్ (కూర్చొని చదువుకునే సమయం), రోల్ కాల్, లైట్లు ఆర్పడం వరకు ప్రతి నిమిషానికీ ఒక పేరు ఉంటుంది. డ్రిల్ నేర్పే ఉస్తాద్ పని ఇందులో స్పష్టం. వరుస వంకర పోకూడదు, అడుగు తప్పకూడదు, 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు పూర్తి చేసే స్థాయికి పిల్లవాణ్ని తేవాలి. నా పని ఆ పరుగులో వెనకబడ్డవాడు ఎందుకు వెనకబడ్డాడో కనుక్కోవడం. రాత్రి అన్నం తినలేదా, బూటు లోపల చీలిందా, నిన్న ఫోనులో అమ్మ ఏడ్చిందా అన్నది స్టాప్‌వాచీ చెప్పదు. ఇద్దరమూ ఒకే ఖాకీ రంగు ట్రాక్‌సూటు వేసుకొని ఒకే మైదానంలో నిలబడతాం కాబట్టి పై అధికారులకు ఇద్దరమూ ఒకటే అనిపిస్తుంది. అందుకే మెస్ పర్యవేక్షణ, హాజరు యంత్రం, ఆస్పత్రికి తీసుకెళ్లడం, తనిఖీకి వచ్చేవారికి స్వాగత కవాతు ఏర్పాట్లు, మిగిలిన పనులన్నీ మెంటరు నెత్తిన పడతాయి. ఒక్కొక్క పిల్లవాడితో కూర్చోవడానికి దొరికేది ఆదివారం మధ్యాహ్నం, అదీ బట్టలు ఉతుక్కునే సమయంలో.

దసరా సెలవుల తర్వాత ఏటా కొందరు పిల్లలు ఆలస్యంగా వస్తారు, ఒకరిద్దరు అసలే రారు. అది పత్తి ఏరే కాలం. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లవాడు రాకపోతే ఆఫీసు నుంచి ఇంటికి నోటీసు వెళ్లింది, గడువులోగా రాకపోతే పేరు తీసివేస్తామని. నేను బస్సెక్కి ఆ ఊరు వెళ్లేసరికి నడుముకు పట్టా కట్టుకొని చేనులో ఉన్నాడు. ఎండిన పత్తికాయ మొనలు గుచ్చుకొని రెండు చేతుల గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయి ఉంది. నన్ను చూడగానే అలవాటుగా సావధాన్‌లో నిలబడ్డాడు, చేతిలో పత్తి అలాగే ఉంది. తండ్రికి నడుము పట్టేసి మంచంలో ఉన్నాడు. తల్లి అన్న మాటలు నాకింకా గుర్తున్నాయి: "కూలోళ్లు దొరుకుతలేరు సారూ. వానొస్తె పత్తంత నల్లగైతది. ఈ చేను ఒక్కటి ఒడిస్తె నేనే తోలుకొస్త." ప్రిన్సిపాల్ గారికి అక్కడి నుంచే ఫోను చేసి వారం సెలవు ఇప్పించాను. ఆమె మాట ప్రకారమే వారానికి పిల్లవాణ్ని తెచ్చి దింపింది, మెస్ వాళ్లకు ఇమ్మని ఒక డబ్బా నిండా సకినాలు కూడా తెచ్చింది.

ఇందులో నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. ఆ ఊరు వెళ్లడం నా ఉద్యోగంలో భాగమని చెప్పే ఉత్తర్వు ఎక్కడా లేదు కాబట్టి ఆ రోజు నా సెలవు ఖాతాలో పడింది. బస్సు చార్జీ గురించి నేను మాట్లాడటం లేదు. వెళ్లినా వెళ్లకపోయినా అడిగేవారు లేని పని, మనిషి మంచితనం మీద ఆధారపడి నడుస్తుంది. అలా నడిచే పని ఆ మనిషి బదిలీ అయిన రోజున ఆగిపోతుంది.

శిక్షల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. సైన్యంలో కొత్తగా చేరినవారికి శిక్షణ ఇచ్చే రెజిమెంటల్ సెంటర్‌లో మేము రిక్రూట్లకు రగడా (శిక్షగా చేయించే కఠిన వ్యాయామం) ఇచ్చేవాళ్లం, మేమూ తిన్నవాళ్లమే. అక్కడికి వచ్చినవాడు పద్దెనిమిదికి అటూ ఇటూ ఉన్నవాడు, వైద్య పరీక్షలు దాటినవాడు, సంతకం పెట్టి జీతం తీసుకుంటున్నవాడు. మా దగ్గర ఆరో తరగతిలో చేరేవాడికి పదకొండేళ్లు. వాణ్ని ఎండలో ఫ్రంట్ రోల్ చేయించడం క్రమశిక్షణ కాదు, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. సైనిక పద్ధతి అన్న రెండు మాటలు ఆ సెక్షన్‌కు మినహాయింపు కావు. సైన్యం నుంచి నేరుగా వచ్చిన మాలాంటి వారికి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి, పిల్లల మనసు గురించి కనీసం కొన్ని వారాల శిక్షణ ఇచ్చిన తర్వాతే మైదానంలోకి దింపాలి. మాకు ఆయుధం అప్పగించే ముందు ఎంత శిక్షణ ఇచ్చారో ఆలోచిస్తే, పిల్లలను అప్పగించే ముందు ఏమీ ఇవ్వకపోవడం వింతగా అనిపిస్తుంది.

ఇక మెంటరుకు అన్నింటికంటే కష్టమైన రోజు మెడికల్ ఫలితం వచ్చిన రోజు. ఏడేళ్లు తెల్లవారుజామున లేచి పరిగెత్తిన పిల్లవాడు, రాత పరీక్ష గట్టెక్కి, అధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూలో అయిదు రోజులు నిలబడి సిఫారసు కూడా అయ్యాక, రంగులు గుర్తుపట్టలేకపోతున్నాడని తేలుతుంది. రంగుల గుర్తింపు లోపం చాలావరకు పుట్టుకతో వచ్చేదే. చుక్కల బొమ్మలున్న ఇషిహారా పుస్తకం ముందు పెట్టి ఆరో తరగతిలోనే పది నిమిషాల్లో చూసెయ్యవచ్చు. చదునైన పాదాలు, మోకాళ్లు ఒరుసుకోవడం, మోచేతి వంకర వంటివి కూడా ముందుగా తెలిస్తే డాక్టరు సలహాతో సరిచేసుకోగలిగినవి కొన్ని ఉంటాయి, సరికానివాటికి దారి ముందే మార్చుకోవచ్చు. ప్రతి సైనిక తరహా విద్యాలయంలో చేరిన మొదటి నెలలోనే, మళ్లీ పదో తరగతిలో, సైనిక ప్రమాణాలు తెలిసిన వైద్యుడి చేత పరీక్ష చేయించడానికి పెద్ద ఖర్చు కాదు. ఫలితం చెప్పేటప్పుడు మెంటరు పక్కన ఉండాలన్నది మాత్రం నియమంగా రాయండి. ఆ కాగితం పిల్లవాడి చేతికి ఇచ్చి పంపే కాగితం కాదు.

మెడికల్ దాకా వెళ్లేవారు కూడా తక్కువే. ఎన్‌డీఏకు ఏడాదికి రెండుసార్లు పరీక్ష ఉంటుంది, ఒక్కో విడతకు సుమారు 400 ఖాళీలకు లక్షల మంది పోటీ పడతారు. రాత పరీక్షకు 900 మార్కులైతే ఎస్‌ఎస్‌బీకి మరో 900. ఎస్‌ఎస్‌బీ తొలి వడపోత అయిన స్క్రీనింగ్‌లో పోయినవారిని మొదటి రోజే రైలెక్కిస్తారు. అంటే మా బ్యాచ్‌లో ఎంత మంచి ఏడాదిలోనైనా ఎక్కువమంది ఎంపిక కానివాళ్లే. ఎంపికైన నలుగురి ఫొటోలు ఫ్లెక్సీ మీదకు ఎక్కుతాయి, మిగిలినవారు ఏప్రిల్‌లో ట్రంకుపెట్టె సర్దుకొని వెళ్లిపోతారు. వారిలో ఎవరు డిగ్రీలో చేరారు, ఎవరు మళ్లీ పరీక్ష రాస్తున్నారు, ఎవరు హైదరాబాదులో డెలివరీ బండి నడుపుతున్నారు అన్న వివరం మా రికార్డుల్లో ఉండదు. మళ్లీ ప్రయత్నించే అవకాశం వయసు దాటేవరకు ఉంటుందని తెలిసినా, ఇంటి దగ్గర ఆ మాట గుర్తు చేసేవారు ఉండరు.

అలా తోడు లేకుండా మిగిలిన కుర్రాళ్ల ఆవేశం ఎటు పోతుందో 2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో చూశాం. కోవిడ్ కాలంలో నియామకాలు ఆగిపోయి, ఫిజికల్, మెడికల్ దాటి రాత పరీక్ష కోసం ఎదురుచూస్తున్నవారు, సైన్యంలోకి నాలుగేళ్లకే తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటనతో ఆ పరీక్ష ఇక లేదని తెలిసి రోడ్డెక్కారు. రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు, ఎందరి మీదనో కేసులు పడ్డాయి. కేసు పడిన కుర్రాడికి సైన్యం తలుపు మూసుకుపోయినట్టే. రైళ్లు తగలబెట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఆ రోజులకు ముందు వారిలో ఒక్కొక్కరికి ఫోను చేసి, "తమ్ముడూ, ఆగు, నీకు వయసు ఉంది" అని చెప్పగల పెద్ద మనిషి ఒకడుంటే కొందరైనా ఇంట్లో ఉండేవారని నా నమ్మకం.

అమెరికాలో నేషనల్ గార్డ్ 1993లో పది రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన యూత్ చాలెంజ్ కార్యక్రమాన్ని తమ అధికారులు ఒకసారి పరిశీలించాలని కోరుతున్నాను. బడి మానేసిన 16 నుంచి 18 ఏళ్ల పిల్లలను 22 వారాలు సైనిక పద్ధతిలో ఒకచోట ఉంచి చదివిస్తారు. అక్కడితో వదిలెయ్యరు, తర్వాత పన్నెండు నెలలు మెంటరు తోడుంటాడు. ఆ మెంటరును సంస్థ తెచ్చి అంటగట్టదు. పిల్లవాడే తన ఊళ్లో తనకు నమ్మకమున్న పెద్దవారి పేరు చెబుతాడు, సంస్థ వారి గురించి విచారించి, శిక్షణ ఇస్తుంది. లాటరీ పద్ధతిలో ఎంపికైనవారినీ కానివారినీ పోలుస్తూ పది కేంద్రాల్లో ఎండీఆర్‌సీ అనే అమెరికా పరిశోధన సంస్థ చేసిన అధ్యయనంలో, మూడేళ్ల తర్వాత హైస్కూలు డిప్లొమా గానీ దానికి సమానమైన సర్టిఫికెట్ గానీ పొందినవారు ఎంపికైన వర్గంలో 72 శాతం, రెండో వర్గంలో 56 శాతం. సంపాదన కూడా ఎంపికైనవారిదే సుమారు 20 శాతం ఎక్కువ. ఆ పిల్లల పరిస్థితి వేరు, మన పిల్లలు పోటీ రాసి వచ్చినవారు, కాబట్టి ఆ లెక్కలు మనకు అలాగే వర్తిస్తాయని నేను అనను. మెంటరును పిల్లవాడి ఊరి నుంచే తీసుకోవడమన్న పద్ధతి మాత్రం మనకు అక్కడికన్నా ఇక్కడే తేలిక. ప్రతి మండలంలో మాజీ సైనికులు ఉన్నారు, ప్రతి ఊళ్లో పిల్లలు గౌరవించే ఒక పంతులు గారో, ఒక ఏఎన్‌ఎం అక్కో ఉంటారు.

ఖర్చు గురించి ఆర్థిక శాఖ అడుగుతుందని తెలుసు. క్యాంపస్‌లో ఇద్దరు మెంటర్లకు మెస్, హాజరు పనుల నుంచి పూర్తిగా విముక్తి కల్పించి, ఒక్కొక్కరికి పరిమిత సంఖ్యలో పిల్లలను అప్పగించడానికి కొత్త భవనమేదీ అక్కర్లేదు. వెళ్లిపోయినవారిని నెలకు రెండుసార్లు పలకరించడానికి ఒక ఫోను, ఒక రిజిస్టరు, ఏడాదిలో కొన్ని రోజుల ప్రయాణ భత్యం చాలు. పైగా 2022 చివర, 2023 మొదట్లో అగ్నిపథ్ కింద చేరిన తొలి అగ్నివీరుల నాలుగేళ్ల గడువు ముగిసే కాలం వచ్చింది. పథకం ప్రకారం వారిలో 25 శాతం మందిని మించి కొనసాగించరు కాబట్టి ఇరవైల వయసులో ఉన్న శిక్షణ పొందిన యువకులు మన జిల్లాలకు తిరిగి వస్తారు. నాలాంటి అరవైకి దగ్గరపడుతున్న వాడికంటే పదహారేళ్ల పిల్లవాడు వారి మాట త్వరగా వింటాడు. వారిని ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టరు చేతిలో పెట్టకుండా, శిక్షణ ఇచ్చి నేరుగా శాఖే నియమించుకుంటే ఇరువైపులా మేలు.

అమ్మాయిల క్యాంపస్‌ల కోసం ఇంకొక్క మాట. ఎన్‌డీఏలో అమ్మాయిలు 2022లో చేరారు, 17 మంది తొలి బ్యాచ్ 2025 మేలో శిక్షణ పూర్తి చేసుకుంది. మన ఊళ్లలో ఇంటర్ పూర్తికాగానే సంబంధాలు చూడటం ఇంకా ఆగలేదు, ఎన్‌డీఏకు మాత్రం అవివాహితులే అర్హులు. ఆ ఇంటి గడప తొక్కి తల్లితో, నాయనమ్మతో మాట్లాడగలిగేది మహిళా మెంటరే, నేను కాదు. ఆ పోస్టుల్లో మహిళలనే నియమించాలి, ప్రయాణాలకు వాహనం కూడా ఇవ్వాలి.

ఈ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు మార్చిలో పరీక్షలు రాసి ఏప్రిల్‌లో వెళ్లిపోతారు. అంతకుముందే ఉత్తర్వు వస్తే, ప్రతి పిల్లవాడి చేత తన ఊళ్లో తనకు నచ్చిన పెద్దమనిషి పేరు రాయించి, ఆ మనిషిని ఒకసారి క్యాంపస్‌కు పిలిపించి మాట్లాడే వ్యవధి మాకు ఉంటుంది. ఫారం నమూనా ఒకటి మా సహోద్యోగులతో కలిసి తయారుచేసి పెట్టాం. తమ కార్యాలయం ఎప్పుడు అడిగితే అప్పుడు పంపగలం.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత సుబేదారు, ఆవాస విద్యాలయ మెంటరు