ఈల వినపడనంత మాత్రాన డాల్ఫిన్లు లేనట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

రేవుల విస్తరణకు, ఓడల దారి కోసం సముద్రపు అడుగు తవ్వడానికి అనుమతి కోరే పర్యావరణ నివేదికల్లో నీటిలోపల తీసిన రికార్డింగులు కూడా చేరుతున్నాయి. ఇది స్వాగతించాల్సిన మార్పే. కానీ ఆ రికార్డింగులను వేరే సముద్రంలోని డాల్ఫిన్ల ఈలలతో నేర్పిన కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు అప్పగించి, అది ఏమీ పట్టుకోకపోతే ‘ఇక్కడ డాల్ఫిన్లు లేవు’ అని రాసేయడం పెద్ద తప్పు. ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి తవ్వేసిన అడుగును మళ్లీ మొదటిలా చేయడం ఎవరి తరమూ కాదు. వెచ్చని సముద్రాల్లో ఒకే జాతి డాల్ఫిన్లు చోటును బట్టి వేరుగా ఈల వేస్తాయి. ఆ తేడాను లెక్కలోకి తీసుకోని నివేదికను అధికారులు తిప్పి పంపాలి.

డాల్ఫిన్ వదిలే టకటక శబ్దాలు వేరు, ఈలలు వేరు. టకటకలు ఎరనూ దారినీ వెతుక్కోవడానికి. బాటిల్‌నోస్ డాల్ఫిన్‌లో వాటి బలం 100 కిలోహెర్ట్జ్ (సెకనుకు లక్ష కంపనాలు) పైన కూడా ఉంటుంది. ఈలలు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి. అవి చాలావరకు 2 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య నడుస్తాయి, ఎక్కువ భాగం సెకనులోపే ముగుస్తాయి. ధ్వనిని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో ఈల ఒక సన్నని గీతలా పైకీ కిందికీ వంగుతూ కనిపిస్తుంది. ఒక్కో డాల్ఫిన్‌కు తనదైన గీత ఉంటుందని 1965లో శాస్త్రవేత్తలైన కాల్డ్‌వెల్ దంపతులు ప్రకటించారు. గొంతు తీరు తీసేసి గీతను మాత్రమే కంప్యూటర్‌లో తయారుచేసి వినిపించినా డాల్ఫిన్లు తమ బంధువుల ఈలను గుర్తుపడతాయని ఫ్లోరిడాలోని సరసోటా తీరపు ప్రయోగం 2006లో చూపింది. అంటే ఈల దాదాపు పేరు లాంటిది. పిల్ల డాల్ఫిన్ దాన్ని చుట్టూ వినే ఈలల నుంచి నేర్చుకుంటూ రూపొందించుకుంటుంది. నేర్చుకునేది కనుకనే అది చోటును బట్టి మారగలదు.

ఎందుకు మారుతుందన్నదానికి బలమైన ఆధారం జపాన్ జలాల నుంచి వచ్చింది. మికురా, ఒగసవరా, అమకుసా దీవుల దగ్గర ఇండో పసిఫిక్ బాటిల్‌నోస్ డాల్ఫిన్ల మీద చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. నీటిలో రొద ఎక్కువగా ఉన్న చోట ఈలలు తక్కువ పౌనఃపున్యంలో (సెకనుకు తక్కువ కంపనాలతో), తక్కువ వంపులతో ఉన్నాయి. రొద తక్కువైన చోట పౌనఃపున్యం విస్తారంగా మారింది, వంపులూ పెరిగాయి. రొదలో సన్నని మెలికలు మరుగున పడిపోతాయి, సాదా ఈల నిలబడుతుంది. పైగా తక్కువ పౌనఃపున్యం నీటిలో తక్కువగా హరించుకుపోతుంది కాబట్టి ఎక్కువ దూరం వెళ్తుంది.

వెచ్చని లోతు తక్కువ నీళ్లలో పడవలు లేకపోయినా రొద ఉంటుంది. చిటికె వేసే రొయ్యలు పంజాను ఒక్కసారిగా మూసినప్పుడు పుట్టే నీటి బుడగ కుప్పకూలి ‘టప్’మంటుంది. వేల రొయ్యల టపటపలు కలిస్తే నూనెలో ఏదో వేగుతున్నట్టు వినిపిస్తుంది. ఆ శబ్దం సరిగ్గా ఈలల పరిధి మీదే పరుచుకుంటుంది. చల్లని సముద్రంలో నేర్పిన ప్రోగ్రామ్ ఈ రొదను ఎప్పుడూ విని ఉండదు. దాంతో రొయ్యల చప్పుడును ఈలగా లెక్కవేయడమో, దాని కింద మునిగిన నిజమైన ఈలను వదిలేయడమో జరుగుతుంది.

పడవల ప్రభావాన్ని మాత్రం దీనితో కలిపేయకూడదు. సరసోటాలో 2004లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, పడవ దగ్గరకు రావడం మొదలవగానే డాల్ఫిన్లు ఎక్కువసార్లు ఈల వేశాయి. కానీ వాటి ‘పేరు ఈల’ (ఒక్కో డాల్ఫిన్‌కు పేరు లాంటి ఈల) నిడివి గానీ పౌనఃపున్యం గానీ మారలేదు. ఆ క్షణపు స్పందన ఒకటి, తరాలుగా స్థిరపడిన తేడా ఇంకొకటి. ఈలల ఆకారం మారలేదు కనుక పడవల వల్ల ఇబ్బంది లేదని రాసే నివేదిక ఈ రెండిటినీ కలగలిపేస్తోంది. అలాంటి చోట ముందు లెక్కించాల్సింది నిమిషానికి ఎన్ని ఈలలన్నది.

ఇక సముద్రం తేడా అనుకున్నది కొన్నిసార్లు పరికరం తేడా అయి తేలుతుంది. నిపుణులు కూడా పొరపాటు పడే చోటు ఇదే. సెకనుకు 48,000 నమూనాలు (ధ్వని కొలతలు) తీసే రికార్డర్, అందులో సగమైన 24 కిలోహెర్ట్జ్ పైన ఏదీ నిజంగా పట్టలేదు. కోస్టారికాలో గయానా డాల్ఫిన్ల ఈలలను విస్తృత పరిధి పరికరంతో రికార్డు చేసినప్పుడు, ఆ హద్దు దాటిన ఈలలు బయటపడ్డాయి. పాత పరికరంతో తీసిన చోటి ఈలలు తక్కువ పౌనఃపున్యానివిగా కనిపించడంలో డాల్ఫిన్ల ప్రమేయం లేదు. హద్దు దగ్గర వడపోత సరిగా లేకపోతే మరీ ప్రమాదం. 30 కిలోహెర్ట్జ్ ధ్వని అద్దంలో ప్రతిబింబంలా మడతపడి 18 కిలోహెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది, పైకి ఎక్కే గీత కిందికి దిగుతున్నట్టు అచ్చవుతుంది. గెయిన్ (ధ్వనిని పెంచే అమరిక) ఎక్కువ పెట్టి అలల తల తెగిపోతే, లేని హార్మోనిక్‌లు (అసలు ధ్వనికి రెట్టింపు, మూడింతల పౌనఃపున్యపు గీతలు) పుట్టుకొస్తాయి. ఎంపీ3గా దాచిన ఫైళ్లయితే ఈ పనికి పనికిరావు, ఎందుకంటే ఆ పద్ధతి పై పౌనఃపున్యాలనే ముందు కత్తిరిస్తుంది.

కనీసం 96 కిలోహెర్ట్జ్ రేటు (సెకనుకు 96,000 నమూనాలు), 16 బిట్, కుదించని వేవ్ ఫైల్ ఉండాలి. ఒక్క చానెల్‌కు గంటకు సుమారు 690 మెగాబైట్లు, రోజుకు 16.6 గిగాబైట్లు అవుతుంది. అంత చోటు లేకపోతే ప్రతి అరగంటలో 10 నిమిషాలు రికార్డు చేస్తే రోజుకు 5.5 గిగాబైట్లతో సరిపోతుంది. చోటు కోసం రేటు తగ్గించడం కన్నా సమయం తగ్గించడమే మేలు. హైడ్రోఫోన్‌ను (నీటిలోపలి మైకును) పడవకు గట్టిగా కట్టేస్తే అలల కుదుపంతా రికార్డింగులోకి వస్తుంది. సాగే తాడుతో వేలాడదీసి, ఇంజిన్ ఆపాలి. కొలిచేటప్పుడు అన్ని చోట్లా ఒకే అమరిక వాడాలి. 96 కిలోహెర్ట్జ్ రేటుకు 1024 బిందువుల విండో (ఒక్కసారి విశ్లేషించే ధ్వని ముక్క) పెడితే స్పెక్ట్రోగ్రామ్‌లో ఒక్కో గడి దాదాపు 94 హెర్ట్జ్. ఒక చోట 1024, మరో చోట 256 వాడి ఈలల మొదలు తుది పౌనఃపున్యాలను పోల్చడం అర్థం లేని పని.

లెక్కలోనూ ఒక మోసం ఉంది. ఒక గుంపు దగ్గర గంటసేపు ఉండి 200 ఈలలు పోగు చేస్తే అవి 200 నమూనాలు కావు. అయిదు డాల్ఫిన్లు తమ పేరును నలభైసార్ల చొప్పున చెప్పి ఉండవచ్చు. 2013లో వచ్చిన ఒక పద్ధతి దీనికి ఉపకరిస్తుంది: ఒకే ఆకారపు ఈల కనీసం 4 సార్లు వినిపించి, వాటిలో 75 శాతం మరొక దానికి 1 నుంచి 10 సెకన్ల ఎడంలో ఉంటే దాన్ని పేరు ఈలగా తీసుకోవచ్చు. ఈ వడపోత కొన్ని పేర్లను వదిలేస్తుంది గానీ తప్పుడువి పెద్దగా చేర్చదు. వీపు రెక్క ఫోటోలతో ఏ డాల్ఫిన్ ఏ రోజు ఉందో నమోదు చేస్తే లెక్క ఇంకా గట్టిపడుతుంది. నిడివి, వంపుల సంఖ్య ఒక్కో డాల్ఫిన్‌కూ ఎలాగూ మారతాయి. కనుక రెండు చోట్ల డాల్ఫిన్లను పోల్చేటప్పుడు వాటి కన్నా పౌనఃపున్యపు కొలతలను నమ్మడం మంచిది.

ప్రోగ్రామ్‌ల సామర్థ్యం గురించి కూడా పాఠకులకు తెలియాలి. తూర్పు ఉష్ణమండల పసిఫిక్‌లో 9 జాతులను ఈలలను బట్టి విడదీయాలని చూసిన 2003 నాటి అధ్యయనంలో మెరుగైన పద్ధతి కూడా దాదాపు సగం ఈలలనే సరిగ్గా గుర్తించింది. గుడ్డిగా ఊహిస్తే వచ్చేది 11 శాతం కనుక అది మంచి ఫలితమే, అయినా సగం తప్పు. ఆ తర్వాత పద్ధతులు మెరుగుపడ్డాయి. అయినా నేర్పిన సముద్రం దాటితే ఏ ప్రోగ్రామ్‌నైనా మళ్లీ పరీక్షించాలి. ఆ చోటి రికార్డింగుల్లో కొంత భాగాన్ని మనుషులే కళ్లతో చూసి, చెవులతో విని ఈలలు గుర్తుపెట్టాలి. తర్వాత ప్రోగ్రామ్ ఎన్ని వదిలేసిందో, ఎన్ని కల్పించిందో నివేదికలో రాయాలి. ఈ రెండు అంకెలు లేకుండా ‘డాల్ఫిన్లు లేవు’ అన్న మాటకు బలం లేదు.

పగటి రికార్డింగు ఒక్కటే చాలదు. హవాయి దగ్గర స్పిన్నర్ డాల్ఫిన్లు పగలు తీరపు లోతు తక్కువ నీళ్లలో విశ్రమిస్తాయి, అప్పుడు చాలా తక్కువగా ఈల వేస్తాయి. రాత్రి లోతు నీళ్లలో వేటాడతాయి. పగలు రెండు గంటలు విని వెళ్లినవాళ్లకు నిండు గుంపు ఉన్నా నిశ్శబ్దమే దొరుకుతుంది. రాత్రీ పగలూ, వేర్వేరు రుతువుల్లో విన్న తర్వాతే ఏదైనా చెప్పాలి.

ఇలాంటి నివేదికల గురించి మీ పత్రిక వార్త రాసేటప్పుడు, ఏ రేటులో రికార్డు చేశారు, ఎన్ని రోజులు విన్నారు, ప్రోగ్రామ్‌కు ఏ సముద్రపు ఈలలు నేర్పారు, ఎన్ని వదిలేసిందో ఎలా సరిచూశారు అని అడిగి, వచ్చిన జవాబులను అచ్చు వేయాలని మనవి.

భవదీయులు,
సముద్ర ధ్వనుల పనిలో ఉన్న మీ పాఠకులు